ఎర్ర గీత ఎక్కడ గీయాలి? అగ్నిపర్వతం వేడి ప్రవాహాన్ని కంప్యూటర్ లెక్కగట్టే తీరు

2025 నవంబర్ చివర్లో ఇథియోపియాలోని హాయ్లీ గుబ్బి అగ్నిపర్వతం పేలింది. దాని బూడిద ఎర్ర సముద్రం, అరేబియా సముద్రం దాటి ఢిల్లీ ఆకాశం దాకా వచ్చింది. విమానాలు రద్దయ్యాయి. ఆ బూడిద మబ్బు ఏ గంటకు ఎక్కడుంటుందో చూపించే రంగుల కంప్యూటర్ బొమ్మలు మన ఫోన్లలోనూ తిరిగాయి. అవి చూశాక ఎవరికైనా ఒక అనుమానం వస్తుంది. వేల కిలోమీటర్ల అవతలికి చేరే బూడిదను ముందే చెప్పగలిగిన కంప్యూటర్, కొండ కిందే ఉన్న ఊరు మునుగుతుందో లేదో ఎందుకు కచ్చితంగా చెప్పలేకపోతోంది?

అవి రెండూ వేర్వేరు లెక్కలు. ఆకాశంలోకి లేచిన బూడిద గాలివాటున పోతుంది. గాలి ఎటు వీస్తోందో వాతావరణ సంస్థల దగ్గర రోజూ లెక్క ఉంటుంది కాబట్టి, ఆ లెక్కలో బూడిదను కలిపితే సగం పని అయినట్టే. కొండ వాలు మీద నేలను కరుచుకుని దిగే వేడి ప్రవాహం మాత్రం గాలిని పెద్దగా పట్టించుకోదు. దాని దారి లోయల్ని బట్టి, దాని బరువును బట్టి, లోపల చిక్కుకున్న గ్యాస్‌ను బట్టి ఉంటుంది. అగ్నిపర్వతాల దగ్గర మనుషుల్ని ఎక్కువగా చంపేవాటిలో ఇదొకటి. ప్రమాదం ఇక్కడిదాకా అని అక్కడి పటాల మీద కనిపించే ఎర్ర గీతలు చాలావరకు దీని కోసం గీసినవే.

గొర్రె బొచ్చులాంటి మబ్బు

శాస్త్రంలో దీని పేరు పైరోక్లాస్టిక్ ప్రవాహం. గ్రీకు భాషలో పైర్ అంటే నిప్పు, క్లాస్టోస్ అంటే విరిగినది. విరిగిన రాళ్లు, బూడిద, వేడి గ్యాస్ కలగలిసి కొండ మీంచి వరదలా దిగడమన్నమాట. ఈ వ్యాసంలో ఇకపై దీన్ని వేడి ప్రవాహం అనే రాస్తాను. వేడి సాధారణంగా 200 నుంచి 700 డిగ్రీల సెల్సియస్. వేగం గంటకు వంద కిలోమీటర్లు దాటడం మామూలే, కొన్నిసార్లు అంతకు ఎన్నో రెట్లు. లావా వస్తుంటే చాలా సందర్భాల్లో మనిషి నడిచి తప్పించుకోగలడు. దీని నుంచి బైకు మీద కూడా కష్టమే.

జావా జనం దీన్ని వెదుస్ గెంబెల్ అంటారు. అంటే ఉంగరాల బొచ్చు గొర్రె. మెరాపి కొండ మీంచి దిగే మబ్బు దూరం నుంచి అచ్చం అలాగే, ముద్దలు ముద్దలుగా, మెత్తగా కనిపిస్తుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త అల్ఫ్రెడ్ లాక్రువా పెట్టిన పేరుకు అర్థం మండే మబ్బు. 1902 మే 8న కరీబియన్ దీవి మార్టినిక్‌లో మౌంట్ పెలే పేలి, సెయింట్ పియర్ పట్టణాన్ని నిమిషాల్లో తుడిచిపెట్టింది. దాదాపు 28 వేల మంది చనిపోయారు. లాక్రువా అక్కడికి వెళ్లి అధ్యయనం చేశాకే ఈ పేరు శాస్త్రంలో స్థిరపడింది.

ఇది పుట్టే దారులు ముఖ్యంగా మూడు. పైకి లేచిన బూడిద స్తంభం తన బరువుకు తానే కూలి నలువైపులా దిగడం ఒకటి. బిలం దగ్గర గట్టిపడుతూ పెరిగిన శిలాద్రవపు గుట్ట, అంటే డోమ్, అంచు విరిగి జారడం రెండోది. మూడోది, 1980 మే 18న అమెరికాలో మౌంట్ సెయింట్ హెలెన్స్ పేలినట్టు పక్కకు పేలడం. మోడల్, అంటే ప్రవాహాన్ని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం, రాసేవాడికి ఈ తేడా ముఖ్యం. సరుకు ఒకేసారి పడుతుందా, గంటల తరబడి పోస్తూనే ఉంటుందా అన్నది లెక్క మొదట్లోనే తేలాలి.

ఒకే ప్రవాహంలో రెండు ప్రవాహాలు

బయటి నుంచి ఒక్క మబ్బులా కనిపించినా లోపల రెండు పొరలుంటాయి. అడుగున రాళ్లు, బూడిద చిక్కగా కూరుకుని పారే బరువైన పొర. ఇది వాగులాగా లోయల్ని పట్టుకుని పోతుంది. పైన బూడిద, గ్యాస్ కలిసిన పలచని పొర. దీన్ని సర్జ్ అంటారు. ఇది లోయ గట్లను లెక్కచేయదు, మిట్టలు ఎక్కి అవతలికి దిగుతుంది.

ఈ తేడా తెలియకపోతే ఏమవుతుందో జపాన్‌లోని ఉన్‌జెన్ అగ్నిపర్వతం చూపింది. 1991 జూన్ 3న అక్కడ డోమ్ కూలింది. బరువైన పొర లోయలోనే ఉండిపోయింది. పైనున్న సర్జ్ మాత్రం విడివడి ముందుకు దూకి, కొండను చూడటానికి వచ్చిన వాళ్లున్న చోటును కప్పేసింది. 43 మంది చనిపోయారు. వాళ్లలో జీవితమంతా అగ్నిపర్వతాల్నే చిత్రీకరించిన మోరిస్, కాతియా క్రాఫ్ట్ దంపతులు, అమెరికన్ శాస్త్రవేత్త హ్యారీ గ్లికెన్ ఉన్నారు. ఈ ప్రవాహాల గురించి ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ తెలిసిన కొద్దిమందిలో వాళ్లూ ఉన్నారు.

సెయింట్ పియర్ విషయంలో నేటికీ వాదన ఉంది. బరువైన ప్రవాహం పక్కనున్న నది లోయలో పోతే దాని సర్జ్ మాత్రం ఊరి మీదికి వచ్చిందని కొందరంటారు. పర్వతం పక్కకు పేలి నేరుగా ఊరి మీద పడిందని మరికొందరు. నూట ఇరవై ఏళ్ల కిందటి ఘటన విషయంలోనే ఇన్ని మాటలుంటే, రేపటి దాని గురించి చెప్పడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

ఎత్తు ఎంత, దూరం ఎంత: అన్నిటికన్నా పాత లెక్క

1881లో స్విట్జర్లాండ్‌లోని ఎల్మ్ ఊరి మీద కొండచరియ విరిగిపడింది. దాన్ని పరిశీలించిన భూగర్భ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హైమ్ ఒక సులువైన కొలత వాడాడు. సరుకు ఎంత ఎత్తు నుంచి దిగిందో, దాన్ని అది అడ్డంగా పోయిన దూరంతో భాగించాలి. ఒక్క అంకె వస్తుంది. అంకె చిన్నదైతే ప్రవాహం అంత దూరగామి. 1980ల మొదట్లో మైఖేల్ మాలిన్, మైఖేల్ షెరిడాన్ దీన్ని కంప్యూటర్ పటంలోకి తెచ్చారు. శిఖరం మీద ఒక ఊహా శంకువును బోర్లించినట్టు అనుకోండి. ఆ శంకువు అంచు నేలను ఎక్కడ తాకితే ప్రవాహం అక్కడ ఆగుతుంది.

లెక్క వేసి చూద్దాం. ప్రవాహం మొత్తం 2,000 మీటర్లు కిందికి దిగే కొండ అనుకుందాం. పాత పేలుళ్ల జాడలు చూస్తే ఆ అంకె 0.20 అని తేలిందనుకుందాం. 2,000ను 0.20తో భాగిస్తే 10,000 మీటర్లు. పది కిలోమీటర్ల దగ్గర ఎర్ర గీత. ఇప్పుడు అదే అంకె 0.15 అయితే? దూరం 13.3 కిలోమీటర్లు. 0.25 అయితే 8. అంకెలో మార్పు చూడటానికి సూదిమొనంత, నేల మీద తేడా అయిదు కిలోమీటర్లకు పైనే. అంత మేరలో ఎన్నో ఊళ్లుంటాయి.

ఈ పద్ధతికి పెద్ద కంప్యూటర్ అక్కర్లేదు, నిమిషంలో అయిపోతుంది. అందుకే ఇప్పటికీ వాడతారు. కాకపోతే ఇది ఆగే చోటు చెబుతుంది తప్ప ఎంతసేపట్లో వస్తుందో చెప్పదు, ఎంత మందంగా వస్తుందో చెప్పదు. లక్ష ఘన మీటర్ల సరుకైనా, కోటి ఘన మీటర్లదైనా అంకె మార్చకపోతే ఒకే గీత చూపిస్తుంది. సరుకు పెరిగితే ప్రవాహం దూరం పోతుందని మాత్రం అందరికీ తెలుసు.

టిప్పర్ ఇసుక, థర్మల్ బూడిద

ఇక్కడ ఒక వింతను గమనించాలి. టిప్పర్ ఇసుక పోస్తే కుప్ప వాలు 30, 35 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. వడ్ల కుప్ప అయినా ఇంచుమించు అంతే. గింజకూ గింజకూ మధ్య ఘర్షణ దాన్ని అక్కడ ఆపుతుంది. 35 డిగ్రీల వాలును హైమ్ లెక్కలోకి మారిస్తే అంకె 0.7. అంటే మన 2,000 మీటర్ల కొండ మీంచి మామూలు రాళ్లు, ఇసుక జారితే మూడు కిలోమీటర్లు కూడా పోకూడదు. వేడి ప్రవాహమేమో పది, పదిహేను కిలోమీటర్లు పోతోంది. అంటే దాని ఘర్షణ 11 డిగ్రీల వాలుకు సరిపడేంతే, ఒక్కోసారి అంతకన్నా తక్కువే. రాళ్లేగా, నీళ్లు కావు కదా, మరి అంత నున్నగా ఎలా జారుతున్నాయి?

థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో పనిచేసేవాళ్లకు సగం జవాబు తెలుసు. ఫ్లైయాష్‌ను నిల్వ చేసే తొట్లలో అడుగు నుంచి గాలి ఎక్కిస్తే, పొడిగా ఉన్న ఆ బూడిద నీళ్లలా పారుతుంది. గాలి ఆపేస్తే మళ్లీ గడ్డకట్టినట్టు కూర్చుంటుంది. సిమెంటు ట్యాంకర్లలోంచి సరుకు దించేదీ ఇలాగే. బూడిద రేణువుల మధ్య చిక్కుకున్న గ్యాస్ తప్పించుకోవడానికి సందు దొరక్క, వాటి బరువును తానే కొంత మోస్తుంది. రేణువులు ఒకదాన్నొకటి గట్టిగా ఒరుసుకోవు. రేణువు ఎంత సన్ననిదైతే గ్యాస్ అంత ఆలస్యంగా బయటికి పోతుంది.

న్యూజీలాండ్‌లోని మాసీ విశ్వవిద్యాలయంలో గెర్ట్ లూబె బృందం టన్నుల కొద్దీ వేడి అగ్నిపర్వత బూడిదను ఎత్తు నుంచి వదిలి, వాలు తొట్టిలో పారించి చూస్తుంది. ప్రవాహం అడుగున గాలి ఒత్తిడి పెరిగి పరుపులా పనిచేసి, ఘర్షణను బాగా తగ్గిస్తోందని ఆ బృందం 2019లో ప్రచురించింది. ఆ ప్రయోగశాలకు పెలే అని పేరు పెట్టారు.

విషయం ఏమిటంటే, ఈ గ్యాస్ ఒత్తిడి ప్రవాహం పారుతున్నంతసేపూ మారుతూ ఉంటుంది. చాలా మోడళ్లు మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఒకే ఘర్షణ అంకెతో నడుస్తాయి. తెలిసే చేసే సర్దుబాటు ఇది.

కొండను గళ్లుగా కోసి

శంకువు తర్వాతి మెట్టు, ప్రవాహాన్ని నిజంగానే కదిలించే మోడళ్లు. వీటిలో బాగా వాడుకలో ఉన్నవి అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయం వాళ్ల టైటన్‌టూడి, ఫ్రాన్స్‌లో కరీం కెల్ఫూన్ రాసిన వోల్క్‌ఫ్లో. పని చేసే తీరు చెప్పడం కష్టం కాదు. కొండ ఎత్తుపల్లాల డిజిటల్ పటాన్ని చదరపు గళ్లుగా కోస్తారు. ప్రతి గడికి రెండు సంగతులు గుర్తుంచుకుంటారు: అక్కడ సరుకు ఎంత మందాన ఉంది, ఎటువైపు ఎంత వేగంతో పోతోంది. ప్రతి క్షణానికీ పక్క గడిలోకి ఎంత వెళ్లింది, పక్క గడి నుంచి ఎంత వచ్చింది అని జమాఖర్చు రాస్తారు. వాలు లాగుతుంది, ఘర్షణ ఆపుతుంది. కాలువ నీటికి ఇంజనీర్లు వాడే సమీకరణాలకు ఇవి దగ్గరి చుట్టాలు.

15 కిలోమీటర్ల పొడవు, 15 కిలోమీటర్ల వెడల్పు నేలను 10 మీటర్ల గళ్లుగా కోస్తే 22 లక్షల 50 వేల గళ్లు. సెకనుకు 50 మీటర్ల వేగంతో పోయే సరుకు ఒక గడిని 0.2 సెకన్లలో దాటేస్తుంది. కాబట్టి లెక్క కూడా కనీసం అంత సన్నటి అడుగులతో సాగాలి. పది నిమిషాల ప్రవాహానికి 3,000 అడుగులు. మంచి కంప్యూటర్‌కు ఇది మోయలేని బరువేమీ కాదు.

ఘర్షణను ఎలా రాస్తారన్న దగ్గర ఈ మోడళ్ల మధ్య పేచీ ఉంది. ఒక పద్ధతిలో బరువు పెరిగేకొద్దీ ఘర్షణ కూడా పెరుగుతుంది. దీని ప్రకారం ఘర్షణ కోణం 11 డిగ్రీలైతే, 12 డిగ్రీల వాలు మీద ఎంత పలచటి పొరైనా ఆగదు, 10 డిగ్రీల వాలు మీద ఎంత మందమైనా నెమ్మదిస్తుంది. రెండో పద్ధతిలో ఆపే బలం మందంతో సంబంధం లేకుండా స్థిరంగా ఉంటుంది. చదరపు మీటరుకు 5,000 న్యూటన్లు అనుకుందాం, సరుకు సాంద్రత ఘన మీటరుకు 1,500 కిలోలు. అప్పుడు 10 డిగ్రీల వాలు మీద పొర దాదాపు 2 మీటర్ల కన్నా పలచబడితే ఆగుతుంది, 5 డిగ్రీల వాలు మీద 4 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. నిజమైన ప్రవాహాలు ఆగాక వదిలిన నిక్షేపాలకు, అంటే రాళ్ల, బూడిద మేటలకు, తరచు గట్లలాంటి అంచులుంటాయి. ఆ రూపం రెండో పద్ధతిలో బాగా వస్తుందని దాని పక్షం వాళ్లంటారు. మొదటి పద్ధతికి ప్రయోగశాలలో రేణువుల మీద చేసిన కొలతల అండ ఉంది. నాకైతే రెండోది పటం మీద ఎక్కువ నమ్మకంగా కనిపిస్తుంది. అయితే ఆ 5,000 అనే అంకెను ఏ రాయిలోనూ కొలవలేం, పాత ప్రవాహానికి సరిపోయేదాకా మార్చి చూసి తేల్చుకోవాల్సిందే.

నిలువునా కూడా కోస్తే

గళ్లను అడ్డంగానే కాక నిలువునా కోసి, గ్యాస్‌ను, రకరకాల సైజుల రేణువుల్ని, వేడిని విడివిడిగా లెక్కగట్టే మోడళ్లు కూడా ఉన్నాయి. ఇటలీలోని పీసాలో ఆగుస్తో నేరి, తొమాసో ఎస్పోస్తి ఒంగారో వంటి వాళ్లు వెసూవియస్ అగ్నిపర్వతం కోసం ఏళ్లుగా ఇలాంటివి తయారుచేస్తున్నారు. ఖర్చు ఎంతో చూడండి. పై ఉదాహరణనే 5 కిలోమీటర్ల ఎత్తు దాకా 10 మీటర్ల పొరలుగా కోస్తే 500 పొరలు. 22.5 లక్షలను 500తో హెచ్చిస్తే 112 కోట్ల పైచిలుకు గళ్లు. ఒక్కో గడిలో రాయాల్సిన సంగతులూ ఎక్కువే. నిజానికి గళ్లను పెద్దవి చేసి, అవసరమైన చోటే సన్నగా కోసి సర్దుకుంటారు. అయినా సూపర్ కంప్యూటర్ కావాలి.

ఆ ఖర్చుకు దక్కేదేమిటంటే, పలచని పొర ఎలా ప్రవర్తిస్తుందో అర్థమవుతుంది. సర్జ్ పారుతూ దారిలోని చల్లగాలిని పీల్చుకుంటుంది. ఆ గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది. బరువైన రేణువులు కింద రాలిపోతాయి. ఒక దశలో మిగిలిన మిశ్రమం చుట్టుపక్కల గాలి కన్నా తేలికవుతుంది, నేలను వదిలి పైకి లేచిపోతుంది. వేడి ప్రవాహం అక్కడితో ఆగిపోయి, బూడిద మబ్బుగా మారి గాలివాటుకు పోతుంది.

ఇలా లేచిన బూడిద తెలుగు నేల మీద కూడా ఉంది. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో, జుర్రేరు లోయలో, తెల్లటి బూడిద పొర బయటపడింది. దాదాపు 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు వచ్చిన బూడిద అది. మైఖేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ బృందం ఆ పొరకు పైనా కిందా రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రచురించాక ప్రపంచమంతా ఆ ఊరి వైపు చూసింది. టోబా దూరపు బూడిదలో పెద్ద భాగం వేడి ప్రవాహాల మీంచి లేచిన మబ్బుదేనని భూగర్భ శాస్త్రవేత్తల అభిప్రాయం. సుమత్రా నుంచి జ్వాలాపురానికి 2,600 కిలోమీటర్ల పైమాటే.

నేల మారిపోతే

గళ్ల పటం ఎంత సన్నగా ఉన్నా, అది పేలుడుకు ముందు తీసిన పటం. మొదటి ప్రవాహం లోయను సగం పూడ్చేస్తే, రెండోదానికి ఆ పటం పాతదైపోయినట్టే. వాగులో పూడిక చేరితే తర్వాతి వరదకు గట్టు పొర్లడం మన ఊళ్లలో చూసేదే. 2006 జూన్ 14న మెరాపి గెండోల్ లోయ అలాగే నిండింది. ప్రవాహం పక్కకు పొర్లి కలియాదెం వైపు వచ్చింది. రక్షణ కోసం కట్టిన బంకర్‌లో దూరిన ఇద్దరు ఆ వేడికి చనిపోయారు.

గ్వాటెమాలాలో 2018 జూన్ 3న ఫ్వేగో పేలినప్పుడు లాస్ లహాస్ లోయలోంచి దిగిన ప్రవాహం శాన్ మిగెల్ లోస్ లోతెస్ ఊరిని పూడ్చేసింది. వందల మంది పోయారు. అక్కడ మరో చిక్కు ఉంది. కొండ మీది వాగుల్లో ఏళ్లుగా పేరుకున్న పాత రాళ్లూ బూడిదా కూడా ఊడి ప్రవాహంలో కలిశాయి. బిలం నుంచి వచ్చిన సరుకును మాత్రమే లెక్కలో పోసిన మోడల్ అంత పరిమాణాన్ని ఊహించలేదు.

కరీబియన్‌లోని మోంట్‌సెరాట్ దీవి కథ ఇంకా విచిత్రం. 1997 జూన్ 25న అక్కడి సుఫ్రియేర్ హిల్స్ అగ్నిపర్వతం డోమ్ కూలి, 19 మంది చనిపోయారు. అడుగు పొర ఒక లోయలో పోతుంటే పైనున్న సర్జ్ గట్టు దాటి పక్క వాలు మీద బూడిద పరిచింది. ఆ బూడిద అక్కడే ఉండకుండా కూడుకుని, చిక్కబడి, వేరే లోయలో కొత్త ప్రవాహంగా దిగింది. పలచనిది చిక్కనిదిగా మారిందన్నమాట. ఒకే పొరతో నడిచే మోడల్‌లో ఇలాంటి మలుపుకు చోటే లేదు. ఆ తర్వాత వోల్క్‌ఫ్లో రెండు పొరల రూపం వచ్చింది. బరువైన పొర, సర్జ్ రెండూ విడిగా పారుతూ, ఒకదానికొకటి సరుకు ఇచ్చిపుచ్చుకుంటాయి. 2010 మెరాపి ప్రవాహాన్ని దాంతో మళ్లీ నడిపి చూశారు.

జరిగినదాన్ని చూసి కుదిర్చిన లెక్క

మోడల్ పాత ప్రవాహాన్ని సరిగ్గా గీసిందంటే అర్థమేమిటి? ఈ రంగంలో అసలైన వాదన దీని మీదే.

ఒక వర్గం మాట ఇది. ఘర్షణ అంకెను, సరుకు పరిమాణాన్ని మార్చుతూ పోతే ఎప్పుడో ఒకప్పుడు నిజమైన నిక్షేపంతో సరిపోతుంది. దాన్ని పట్టుకుని మోడల్ పనిచేస్తోందనడం, జవాబు చూసి లెక్క చేసిన పిల్లవాడికి మార్కులు వేయడమే. పైగా ఎక్కువ పరిమాణం, ఎక్కువ ఘర్షణ కలిపినా, తక్కువ పరిమాణం, తక్కువ ఘర్షణ కలిపినా ఒకే చోట ఆగే ప్రవాహం రావచ్చు. అందుకని అసలు భౌతికశాస్త్రాన్ని లోపల పెట్టిన పెద్ద మోడళ్లే కావాలంటారు.

రెండో వర్గానిదీ కాదనలేని మాటే. పెద్ద మోడల్‌కు కావాల్సిన వివరాలు, అంటే బిలం దగ్గర గ్యాస్ శాతం, రేణువుల సైజులు, వేడి, పేలుడుకు ముందు ఎవరి దగ్గరా ఉండవు. తెలియనివి పది పెట్టి చేసిన సూక్ష్మమైన లెక్క కన్నా, తెలియనివి రెండే పెట్టి వెయ్యిసార్లు నడిపిన మోటు లెక్క ఎక్కువ చెబుతుంది. పేలబోయే కొండ దగ్గర కూర్చున్న ఉద్యోగికి రేపు ఉదయానికల్లా పటం కావాలి.

ఇప్పుడు చాలాచోట్ల రెండూ కలిపే చేస్తున్నారు. పెద్ద మోడల్‌తో కొద్దిసార్లు నడిపి ప్రవర్తన తెలుసుకుని, చిన్న మోడల్‌లో ఆ అంకెల్ని సవరించుకుంటారు. అయినా పరిమాణం మాత్రం బయటి నుంచే రావాలి.

2010 మెరాపిలో అది ఎలా వచ్చిందో చూస్తే బాగా అర్థమవుతుంది. అక్టోబర్ 26న మొదటి పేలుడు. కొండకు సంరక్షకుడిగా అక్కడి జనం కొలిచే మ్బా మరిజాన్ ఊరు వదలనని ఉండిపోయి ఆ రోజే చనిపోయాడు. నవంబర్ మొదటి రోజుల్లో ఉపగ్రహ రాడార్ చిత్రాల్లో కొత్త డోమ్ సెకనుకు దాదాపు 25 ఘన మీటర్ల చొప్పున పెరుగుతోందని తేలింది. రోజుకు లెక్కేస్తే 21 లక్షల 60 వేల ఘన మీటర్లు. మెరాపి మామూలు అలవాటుకు అది చాలా ఎక్కువ. భూకంప సంకేతాలు, గ్యాస్ కొలతలు అదే మాట చెబుతున్నాయి. సురోనో నేతృత్వంలోని శాస్త్రవేత్తలు ఖాళీ చేయించే పరిధిని 10 నుంచి 15కి, నవంబర్ 5 తెల్లవారుజామున పెద్ద పేలుడు వేళకు 20 కిలోమీటర్లకు పెంచారు. ఆ ప్రవాహం 15 కిలోమీటర్లు దాటి దిగింది. మొత్తం ఘటనలో 350 మందికి పైగా పోయారు. 10 నుంచి 20 వేల మంది ప్రాణాలు దక్కాయని శాస్త్రవేత్తల అంచనా. డోమ్ పెరిగే వేగాన్ని కనిపెట్టడం వల్లే ఆ పరిధి పెరిగింది. ప్రవాహపు మోడళ్ల పని చాలావరకు తర్వాతే జరిగింది.

ఆ శాతం ఎక్కడి నుంచి వచ్చింది

పరిమాణం తెలియనప్పుడు ఒకే గీతకు బదులు సంభావ్యత పటం ఇస్తారు. "ఈ ఊరికి ముప్పు 11 శాతం" అన్నట్టు. ఆ అంకె ఎలా పుడుతుందో ఒక కల్పిత ఊరితో చూద్దాం.

పేలుడంటూ జరిగితే అది చిన్నదయ్యే అవకాశం 80 శాతం, మధ్యరకం 15, పెద్దది 5 అనుకుందాం. ఒక్కోదానికి మోడల్‌ను వందలసార్లు నడిపారు. చిన్న పేలుడైతే నూటికి 2 సార్లు ప్రవాహం ఊరిని తాకింది, మధ్యరకమైతే 30 సార్లు, పెద్దదైతే 90 సార్లు. మొత్తం ముప్పు: 1.6, 4.5, 4.5 కలిపి 10.6 శాతం.

ఇప్పుడు మోడల్‌లో ఒక్క అక్షరం కూడా మార్చకండి. ఇంకో నిపుణుల బృందం మాత్రం పాత నిక్షేపాలు చూసి, ఈ కొండకు పెద్ద పేలుళ్లు అంత అరుదు కావని, 60, 25, 15 శాతాలు సరైనవని అంది. లెక్క: 1.2, 7.5, 13.5. మొత్తం 22.2 శాతం. అదే కొండ, అదే ఊరు, అదే ప్రోగ్రాం, ముప్పు మాత్రం రెండింతలు. తేడా అంతా మొదట వేసిన మూడు అంకెలది.

ఆ అంకెలు ఎవరివి అన్నది అందుకే ముఖ్యం. మోంట్‌సెరాట్‌లో విల్లీ ఆస్పినాల్ వంటి వాళ్లు నిపుణుల అభిప్రాయాన్ని పద్ధతి ప్రకారం సేకరించారు. ముందుగా జవాబు తెలిసిన ప్రశ్నలు వేస్తారు. తన అంచనా ఎంత తప్పవచ్చో ఎవరు సరిగ్గా చెప్పగలుగుతున్నారో చూసి, వాళ్ల మాటకు ఎక్కువ బరువు ఇస్తారు. పేరున్న ప్రొఫెసర్ మాటకు ఈ పరీక్షలో తక్కువ బరువు రావడం కూడా జరుగుతుంది. శాతాలు జనాన్ని తికమకపెడతాయని, ఖాళీ చేయాలా వద్దా అన్నదానికి అవును కాదు అనే జవాబు కావాలని అధికారులు అంటారు. ఒకే గీత గీస్తే దానికి వంద మీటర్లు ఇవతల ఉన్నవాడు భయంతో, అవతలివాడు ధీమాతో ఉంటారని శాస్త్రవేత్తలు అంటారు. రెండూ నిజమే కనుక చాలా దేశాల్లో రెండు రకాల పటాలూ పక్కపక్కనే ఉంటాయి.

శిఖరమే లేని అగ్నిపర్వతం

మెరాపి, ఫ్వేగోల దగ్గర కనీసం ప్రవాహం ఎక్కడ మొదలవుతుందో తెలుసు. నేపుల్స్ పక్కనున్న కాంపి ఫ్లెగ్రేయిలో అదీ తెలియదు. అది పన్నెండు కిలోమీటర్లకు పైగా వెడల్పున్న కుంగిన నేల, కొంత భాగం సముద్రంలో. చివరిసారి 1538లో పేలి, ఉన్నచోట మోంతే నువోవో అనే కొత్త గుట్టను లేపింది. కొన్నేళ్లుగా అక్కడి పొజ్జువోలి పట్టణం నేల పైకి లేస్తోంది. 2024 మే 20న 4.4 తీవ్రతతో భూమి కంపించింది. ఎర్ర మండలంలో, అంటే పేలుడు ముప్పు వస్తే ఖాళీ చేయించాల్సిన మేరలో, దాదాపు 5 లక్షల మంది ఉన్నారు.

తర్వాతి బిలం ఈ పళ్లెంలో ఎక్కడ తెరుచుకుంటుందో ఎవరూ చెప్పలేరు. అందుకని ఇటలీ పరిశోధకులు ముందు నేలనంతా గళ్లుగా విభజించి, పాత బిలాలు, నేల పగుళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి, ఒక్కో గడిలో బిలం తెరుచుకునే అవకాశం ఎంతో అంచనా వేశారు. తర్వాత ఆ గళ్ల నుంచి రకరకాల పరిమాణాల ప్రవాహాల్ని వదిలి చూశారు. ఇన్నిసార్లు నడపడానికి పెద్ద మోడల్ పనికిరాదు. అందుకే ప్రవాహాన్ని సాగుతూ పలచబడే ఒక పెట్టెలా భావించే చిన్న మోడల్ వాడారు. అది దూరం పోయేకొద్దీ రేణువుల్ని రాల్చుకుంటూ బలం తగ్గుతుంది. ఎదురుగా గుట్ట వస్తే, అక్కడికి చేరేసరికి మిగిలిన శక్తి దాన్ని ఎక్కడానికి సరిపోతుందా అని చూస్తారు. కాంపి ఫ్లెగ్రేయికీ నేపుల్స్ నగర కేంద్రానికీ మధ్య పొసిలిపో అనే కొండవరుస ఉంది. ఎక్కువ ప్రవాహాలు ఆ కొండను ఢీకొని ఆగుతాయి, కొన్ని దాటుతాయి. ఎన్ని దాటాయన్నదే కొండ అవతలి వీధులకు రాసే శాతం.